తెల్లబట్ట: మందు కొనేముందు, గర్భసంచి తీయించుకునే ముందు చూసుకోవాల్సినవి

మన దగ్గర ఆడమనిషి తెల్లబట్ట అవుతోందని చెప్పగానే రెండే దారులు కనిపిస్తాయి. మెడికల్ షాపులో అడిగితే మూడు నాలుగు మాత్రలున్న కిట్ ఒకటి చేతిలో పెడతారు, అసలు ఏ ఇన్‌ఫెక్షనో ఎవరూ చూడరు. అది తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చి, మళ్లీ అదే కిట్ వాడి, విసిగిపోయి టౌన్‌లో ఆసుపత్రికి వెళితే స్కానింగ్ తీసి "గర్భసంచి వాచింది, పుండు ఉంది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది, పిల్లలు పుట్టేశారు కదా, తీయించేసుకో" అనే మాట వినాల్సి వస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. అందరూ తెల్లబట్ట కోసమే తీయించుకున్నారని నేను అనడం లేదు, అధిక రక్తస్రావం, గడ్డలు లాంటి సరైన కారణాలున్నవాళ్లూ ఇందులో ఉన్నారు. అయినా ఇంత తేడా ఊరికే రాదు.

ఈ రెండు దారులకన్నా ముందు చేయాల్సిన చిన్న పని ఒకటుంది, ఆ తెల్లబట్ట ఏ రకమో తేల్చుకోవడం. దానికి ఖరీదైన టెస్టులు అక్కర్లేదు. పులుపు ఎంతుందో చూపే ఒక పీహెచ్ కాగితం, ఒక గాజు స్లైడ్, ఒక మైక్రోస్కోప్ చాలు. అది ఎలా చేయించుకోవాలో, రిపోర్టు ఎలా చదువుకోవాలో, ఏది మానేయాలో, ఎప్పుడు నిజంగా కంగారుపడాలో ఇక్కడ రాస్తున్నాను.

లోపల ఏముంటుందంటే

యోనిలో బ్యాక్టీరియా ఉండటం జబ్బు కాదు, లేకపోతేనే ఇబ్బంది. 1892లో ఆల్బర్ట్ డోడర్‌లైన్ అనే జర్మన్ గైనకాలజిస్ట్ అక్కడుండే బ్యాక్టీరియాని వర్ణించాడు, వాటినే ఇప్పుడు లాక్టోబాసిల్లస్ అంటున్నాం. ఈస్ట్రోజెన్ హార్మోన్ ఉన్నంతకాలం యోని గోడల కణాల్లో గ్లైకోజెన్ అనే చక్కెర పదార్థం నిల్వ ఉంటుంది, అది విడిపోయి ఈ లాక్టోబాసిల్లస్‌కి ఆహారమవుతుంది, అవి దాన్ని లాక్టిక్ యాసిడ్‌గా మారుస్తాయి. అందుకే ఆరోగ్యంగా ఉన్న యోని పీహెచ్ 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది, అంటే పుల్లగా ఉంటుంది (పీహెచ్ అంకె తగ్గే కొద్దీ పులుపు ఎక్కువ). కొంచెం పులుపు వాసన రావడం మామూలే. ఆ పులుపు వల్లే బయటి క్రిములు చాలావరకు నిలదొక్కుకోలేవు.

వీటిలో నాలుగు జాతులు ముఖ్యం: క్రిస్పేటస్, గాసెరి, జెన్సెనీ, ఇనర్స్. క్రిస్పేటస్ ఎక్కువగా ఉన్నవాళ్లలో పరిస్థితి స్థిరంగా ఉంటుంది, ఇనర్స్ మాత్రం అంత నమ్మకమైన కాపలాదారు కాదు, త్వరగా చోటు వదిలేస్తుంది. 2011లో జాక్ రావెల్ బృందం ఉత్తర అమెరికాలో ఏ ఇబ్బందీ లేని 396 మంది ఆడవాళ్లని పరీక్షిస్తే దాదాపు 73 శాతం మందిలో లాక్టోబాసిల్లస్‌దే పైచేయి, మిగతా 27 శాతం మందిలో రకరకాల బ్యాక్టీరియా కలిసి ఉన్నాయి. ఆ 27 శాతం మందికీ ఏ బాధా లేదు. కాబట్టి ఒక రిపోర్టులో మంచి బ్యాక్టీరియా తక్కువ అని కనిపించినంత మాత్రాన మీకు జబ్బున్నట్టు కాదు, ఈ సంగతి పట్టించుకోకుండా మందులు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు.

లాక్టోబాసిల్లస్ తగ్గినప్పుడు జరిగేది, పైరు పలచబడిన చోట కలుపు లేచినట్టే. గార్డ్‌నెరెల్లా, ప్రెవోటెల్లా, ఇంకా గాలి అవసరం లేని ఎన్నో బ్యాక్టీరియా పెరుగుతాయి, యోని గోడకి పలచటి పొరలా అంటుకుపోతాయి. దీన్నే బ్యాక్టీరియల్ వెజినోసిస్ అంటారు, డాక్టర్లు బీవీ అని రాస్తారు. చూడటానికి ఎరుపు, వాపు పెద్దగా ఉండవు కానీ లోపల ఇన్‌ఫ్లమేషన్ (శరీరం క్రిములకి ఎదురు తిరగడం) సంకేతాలు పెరుగుతాయి. ఈ బ్యాక్టీరియా తయారుచేసే సియాలిడేజ్ లాంటి ఎంజైములు, కాపాడాల్సిన మ్యూకస్ (జిగురు) పొరని కోసేస్తాయి, రోగనిరోధక కణాలు అక్కడికి చేరతాయి. ఈ సంగతి తర్వాత మళ్లీ చెప్తాను, ఎందుకంటే అసలు నష్టం అక్కడే మొదలవుతుంది.

ఏది మామూలు, ఏది కాదు

తెల్లబట్ట రావడమే తప్పనుకునేవాళ్లు ఎక్కువ. రోజూ కొంచెం స్రావం ఉండాల్సిందే. పీరియడ్స్ మధ్యలో అండం విడుదలయ్యే రోజుల్లో కోడిగుడ్డు తెల్లసొనలా సాగుతుంది, పీరియడ్ దగ్గరపడే కొద్దీ చిక్కగా, తెల్లగా మారుతుంది, గర్భంతో ఉన్నప్పుడు ఎక్కువవుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకి కూడా మారొచ్చు. లోదుస్తుల మీద ఎండిపోయి పసుపు మరక అయితే అది చీము కాదు.

ఒంట్లో వేడి చేస్తే తెల్లబట్ట అవుతుందని, ఎముకలు కరిగి అలా పోతాయని, శక్తంతా పోతుందని మన ఇళ్లలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఎముకలు కరగవు. ఆ స్రావంలో ఉండేది నీరు, మ్యూకస్, రాలిపోయిన కణాలు, బ్యాక్టీరియా. కానీ ఆ మాట చెప్పే ఆడవాళ్ల నీరసం అబద్ధం కాదు. గోవాలో విక్రమ్ పటేల్ బృందం చేసిన పరిశోధనలో తెల్లబట్ట ఉందని చెప్పినవాళ్ల బాధకి, ఇన్‌ఫెక్షన్ కన్నా వాళ్ల మానసిక ఒత్తిడి, ఇంట్లో పరిస్థితులతోనే ఎక్కువ సంబంధం కనిపించింది. వాసన లేదు, దురద లేదు, స్లైడ్ బాగుంది, అయినా నడుంనొప్పి, నీరసం, నిద్ర లేకపోవడం ఉంటే హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి, మనసులో ఉన్నది చెప్పుకోగలిగిన మనిషిని వెతుక్కోండి. యాంటీబయాటిక్ వల్ల ఆ నీరసం పోదు, ఉన్న మంచి బ్యాక్టీరియా పోతుంది.

ఇప్పుడు మామూలు కానివి. మూడు రకాలు తరచుగా వస్తాయి, తేడా ఇంట్లోనే కొంతవరకు పట్టుకోవచ్చు.

బీవీ అయితే స్రావం పలచగా, పాలలో నీళ్లు కలిపినట్టు, బూడిద తెలుపులో ఉంటుంది, చేపల నీచు వాసన వస్తుంది. ఆ వాసన భర్తతో కలిశాక, పీరియడ్ అప్పుడు మరీ ఎక్కువవుతుంది, ఎందుకంటే వీర్యం, రక్తం రెండూ పులుపుని తగ్గిస్తాయి. దురద పెద్దగా ఉండదు.

క్యాండిడా అనే ఫంగస్ అయితే దురద భరించలేనంత ఉంటుంది, మూత్రం తగిలితే మంట, స్రావం విరిగిన పాలలా ముద్దలుగా ఉంటుంది, వాసన ఉండదు. నలుగురు ఆడవాళ్లలో ముగ్గురికి జీవితంలో ఒకసారైనా ఇది వస్తుంది.

ట్రైకోమొనాస్ అయితే పచ్చగా, నురగగా, వాసనతో, మంటతో రావచ్చు. ఇది కలయిక ద్వారా వచ్చే పరాన్నజీవి. చాలామందిలో లక్షణాలే ఉండవు, ముఖ్యంగా మగవాళ్లలో.

ఈ మూడింటికీ వైద్యం ఒకటి కాదు. ఫంగస్ మందు బీవీకీ, ట్రైకోమొనాస్‌కీ పనిచేయదు, వాటి మందు ఫంగస్‌కి పనిచేయదు, పైగా బీవీకి వాడిన యాంటీబయాటిక్ తర్వాత ఫంగస్ లేవడం మామూలే. మెడికల్ షాపు కిట్‌తో "తగ్గి మళ్లీ వచ్చే" కథలో సగం ఇదే.

పీహెచ్ కాగితం ఎలా వాడాలి

1 నుంచి 14 వరకు చూపించే మామూలు పీహెచ్ కాగితాలు కొనకండి, 4.5కి, 5కి తేడా వాటిలో తెలియదు. 3.5 నుంచి 6 లేదా 7 వరకు మాత్రమే చూపే కాగితాలు అడగండి, ల్యాబ్ సామాన్లు అమ్మే షాపుల్లో, ఆన్‌లైన్లో దొరుకుతాయి. చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా తుడుచుకోండి, తడి ఉంటే రీడింగ్ తప్పుతుంది. శుభ్రమైన వేలితో యోనిలో కొంచెం లోపల, పక్క గోడ నుంచి స్రావం తీసి కాగితం మీద రాయండి, తడిగా ఉండగానే రంగు పోల్చుకోండి. మరీ లోపల గర్భసంచి ముఖద్వారం దగ్గర తీయొద్దు, అక్కడి జిగురు పీహెచ్ సహజంగానే ఎక్కువ. పీరియడ్ రోజుల్లో, కలిసిన తర్వాత రెండు రోజుల లోపు, లోపల క్రీమో మాత్రో పెట్టుకున్నప్పుడు ఈ టెస్టు చేసుకుంటే వృథా.

4.5 లేదా అంతకన్నా తక్కువ ఉండి దురద ఉంటే ఫంగస్ వైపు చూడాలి. 4.5 దాటి వాసన ఉంటే బీవీ లేదా ట్రైకోమొనాస్. ఈ రెండింటినీ కాగితం విడదీయలేదు, దానికి స్లైడ్ కావాలి. మెనోపాజ్ తర్వాత పీహెచ్ సహజంగానే పెరుగుతుంది కాబట్టి వాళ్లకి ఈ లెక్క పనికిరాదు.

దీంతోపాటు ఒక నెల పాటు కాలెండర్లో నాలుగు మాటలు రాసుకోండి: ఏ రోజు మొదలైంది, రంగు, వాసన ఉందా, దురద ఉందా. పీరియడ్ ఏ రోజు వచ్చింది, భర్తతో ఏ రోజు కలిశారు, ఏ మందు వాడారు అనేది కూడా. డాక్టర్ దగ్గర మూడు నిమిషాలే దొరికినా ఆ కాగితం చూపిస్తే చాలు, నోటితో చెప్పడానికి సిగ్గుపడాల్సిన పని కూడా తప్పుతుంది.

డాక్టర్ దగ్గర ఏమని అడగాలి

"మేడమ్, లోపల చూసి, స్లైడ్ తీయించండి" అని నేరుగా అడగండి. స్పెక్యులమ్ (యోనిని కొంచెం తెరిచి లోపల చూసే పరికరం) పెట్టి చూడకుండా, స్రావం తీయకుండా, స్కానింగ్ మాత్రమే చేసి మందు రాస్తే ఆ పరీక్ష పూర్తి కానట్టే. తెల్లబట్టకి కారణం స్కానింగ్‌లో కనిపించదు.

మన సరిహద్దుకి అవతల, మహారాష్ట్రలోని గడ్చిరోలిలో రాణీ బంగ్, అభయ్ బంగ్ దంపతులు రెండు ఊళ్లలో 650 మంది ఆడవాళ్లని పరీక్షించి 1989లో ఫలితాలు ప్రచురించారు. 92 శాతం మందికి ఏదో ఒక గైనిక్ సమస్య ఉంది. అంతకుముందు ఒక్కసారైనా గైనిక్ పరీక్ష చేయించుకున్నవాళ్లు 8 శాతమే. ఇన్నేళ్లయ్యాక కూడా, పరీక్ష బల్ల మీద పడుకోవాలంటే భయం, సిగ్గు మనలో అలాగే ఉన్నాయి. రెండు నిమిషాల పని అది. తోడుగా అక్కనో చెల్లెలినో తీసుకెళ్లండి, లేడీ డాక్టర్ కావాలని అడగండి, నర్సు పక్కన ఉండాలని అడగడం మీ హక్కు. పెళ్లికాని అమ్మాయిలైతే స్పెక్యులమ్ అక్కర్లేకుండా చిన్న స్వాబ్‌తో (దూది పుల్లతో) తీయమని చెప్పొచ్చు.

స్లైడ్ మీద చూసేది రెండు పద్ధతుల్లో. 1983లో ఆమ్సెల్ పెట్టిన నాలుగు గుర్తులు: పలచటి స్రావం, పీహెచ్ 4.5 కన్నా ఎక్కువ, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే నీచు వాసన, మైక్రోస్కోప్‌లో బ్యాక్టీరియా అంటుకున్న కణాలు, వాటినే క్లూ సెల్స్ అంటారు. నాలుగింట్లో మూడు ఉంటే బీవీ. రెండోది 1991లో వచ్చిన న్యూజెంట్ స్కోరు, స్లైడ్‌కి గ్రామ్ రంగు వేసి 0 నుంచి 10 వరకు మార్కులు వేస్తారు, 7 లేదా అంతకన్నా ఎక్కువైతే బీవీ, 3 లేదా అంతకన్నా తక్కువైతే బాగున్నట్టు. రిపోర్టులో ఈ స్కోరు రాయమని అడగండి, తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఒక హెచ్చరిక: స్వాబ్ కల్చర్‌లో (స్రావంలోని క్రిముల్ని ల్యాబ్‌లో పెంచి చూసే టెస్టులో) "గార్డ్‌నెరెల్లా పెరిగింది" లేదా "ఈ కోలై ఉంది" అని వస్తే దాన్ని బట్టి మాత్రమే మందు మింగకండి. ఇవి ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా ఉంటాయి. కల్చర్ పనికొచ్చేది మళ్లీ మళ్లీ వచ్చే ఫంగస్‌లో, అది ఏ రకం క్యాండిడానో, ఏ మందుకి లొంగుతుందో తెలుసుకోవడానికి.

డబ్బు ఇబ్బంది ఉంటే ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని ఉంటుంది, ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం కింద నడుస్తుంది. అక్కడ పరీక్ష, మందు ఉచితం, వివరాలు బయటికి చెప్పరు. పేరు చూసి వెనక్కి రాకండి, అక్కడికి వెళ్లినంత మాత్రాన ఎవరికీ ఏమీ అంటదు. అక్కడ కూడా లక్షణాలని బట్టి రంగుల కిట్లు ఇస్తారు, తెల్లబట్టకి ఆకుపచ్చ కిట్, అందులో సెక్నిడజోల్, ఫ్లూకొనజోల్ ఉంటాయి. ల్యాబ్ లేని చోట అది సరైన పద్ధతే, ఎందుకంటే మనిషిని చూసి, గర్భసంచి ముఖద్వారం చూసి ఇస్తారు. ల్యాబ్ ఉన్న చోట మాత్రం స్లైడ్ అడగండి.

మందులు, మళ్లీ రావడం

బీవీకి మెట్రోనిడజోల్ 400 మి.గ్రా. రోజుకి రెండుసార్లు ఏడు రోజులు, లేదా లోపల పెట్టుకునే జెల్, లేదా క్లిండమైసిన్ క్రీమ్. మూడో రోజుకే వాసన పోయిందని ఆపేయకండి. క్లిండమైసిన్ క్రీమ్ కండోమ్ రబ్బరుని బలహీనం చేస్తుంది, వాడే రోజుల్లో దాన్ని నమ్ముకోవద్దు. ఫంగస్‌కి ఫ్లూకొనజోల్ 150 మి.గ్రా. ఒక్క మాత్ర, లేదా క్లోట్రిమజోల్ లోపల పెట్టుకునేది. గర్భంతో ఉంటే ఫ్లూకొనజోల్ మాత్ర మింగొద్దు, క్లోట్రిమజోల్ లాంటివి ఏడు రోజులు లోపల వాడాలి. ట్రైకోమొనాస్‌కి మెట్రోనిడజోలే, కానీ భర్తకి కూడా అదే సమయంలో ఇవ్వాలి, ఇద్దరి కోర్సూ అయ్యేదాకా కలవకూడదు. మోతాదులు తెలుసుకోవడానికి రాస్తున్నాను, చీటీ డాక్టర్ దగ్గరే తీసుకోండి.

బీవీ మళ్లీ రావడం చాలా మామూలు, మందు వాడినవాళ్లలో సగం మందికి పైగా ఏడాదిలోపే తిరిగొస్తుంది. ఇన్నాళ్లూ దీనికి ఆడదాని శుభ్రతనే తప్పుపట్టారు. 2025 మార్చిలో ఆస్ట్రేలియా పరిశోధకులు, మెల్‌బోర్న్‌కి చెందిన లెంకా వోడ్‌స్ట్రిల్, కాట్రియోనా బ్రాడ్‌షా బృందం, 164 జంటల మీద చేసిన ట్రయల్ ఫలితం ప్రచురించారు. సగం జంటల్లో భార్యకే మందు, మిగతా సగంలో భర్తకి కూడా మెట్రోనిడజోల్ మాత్రలు, అంగం చర్మం మీద రాసుకోవడానికి 2 శాతం క్లిండమైసిన్ క్రీమ్, రెండూ ఏడు రోజులు. 12 వారాల్లో బీవీ తిరిగొచ్చింది భార్యకే మందిచ్చిన జంటల్లో 63 శాతం మందికి, ఇద్దరికీ ఇచ్చిన జంటల్లో 35 శాతం మందికి. తేడా ఎంత స్పష్టంగా వచ్చిందంటే ట్రయల్‌ని ముందే ఆపేశారు. ఆ బ్యాక్టీరియా మగవాళ్ల చర్మం మీద, మూత్రనాళంలో కూడా ఉంటుంది, భార్యకి తగ్గగానే మళ్లీ అక్కడి నుంచే వస్తుంది. కాబట్టి రెండోసారి బీవీ వచ్చినప్పుడు డాక్టర్‌ని "మా ఆయనకి కూడా రాస్తారా" అని అడగండి, ఆయన్ని తీసుకెళ్లండి. కు.ని. ఆపరేషన్ అయ్యాక మన దగ్గర కండోమ్ వాడేవాళ్లు దాదాపు ఉండరు, ఆపరేషన్ వల్లే తెల్లబట్ట పట్టుకుందని అనుకుంటారు. ట్యూబులు ముడేయడం వల్ల లాక్టోబాసిల్లస్ తగ్గదు. మందు వాడే రోజుల్లోనూ, ఆ తర్వాత కొన్ని వారాలూ కండోమ్ వాడితే మేలు.

ప్రొబయోటిక్స్ సంగతి. అమెరికాలో క్రిస్పేటస్ బ్యాక్టీరియాని నేరుగా యోనిలో పెట్టి చేసిన ట్రయల్ 2020లో వచ్చింది, 12 వారాల్లో బీవీ తిరిగిరావడం 45 శాతం నుంచి 30 శాతానికి తగ్గింది. ఆ ఫలితాన్ని షాపులో దొరికే ప్రొబయోటిక్ క్యాప్సూల్స్‌కి అంటగట్టకండి, వాటిలో ఉండే జాతులు వేరు, నోటితో మింగేవి అక్కడికి చేరి నిలుస్తాయన్న రుజువు బలహీనం. పెరుగు తినండి, ఒంటికి మంచిది. లోపల మాత్రం పెట్టకండి, పెరుగులో ఉండే బ్యాక్టీరియా యోనిలో కాపురం పెట్టే రకం కాదు.

ఫంగస్ ఏడాదిలో మూడు నాలుగుసార్లు వస్తుంటే షుగర్ టెస్టు చేయించుకోండి. ఇది తప్పకుండా చేయండి. షుగర్ ఉన్న సంగతి ఈ దురదతోనే బయటపడినవాళ్లు ఉన్నారు.

మానేయాల్సినవి

లోపల కడగడం. ఇది ఒక్కటి మానేసినా చాలామందికి సగం బాధ తగ్గుతుంది. డెట్టాల్ నీళ్లు, పటిక, ఉప్పు నీళ్లు, వేపాకు కషాయం, పసుపు, సబ్బు, ఇంటిమేట్ వాష్ పేరుతో వచ్చేవి, ఏవైనా సరే యోని లోపలికి వెళ్లకూడదు. ఇవి క్రిములతోపాటు లాక్టోబాసిల్లస్‌ని కూడా కొట్టుకుపోయేలా చేస్తాయి, పొరని రేపుతాయి. పీరియడ్ ఐదో రోజు తలస్నానం చేసి లోపలంతా కడుక్కోవాలని పెద్దవాళ్లు చెప్తుంటారు, వాళ్లతో వాదించక్కర్లేదు, బయట మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు. పటిక పెడితే బిగుతు వస్తుందని నమ్మి వాడేవాళ్లకి అది పొరని ఎండబెట్టి పుళ్లు చేస్తుందని చెప్పండి.

రోజంతా ప్యాంటీ లైనర్ పెట్టుకోవడం, సెంటు వాసన ప్యాడ్లు, తడి లోదుస్తులతో ఉండటం కూడా తగ్గించండి. లోదుస్తులు మంచం కింద, చీర చాటున ఆరేయకండి, ఎండలో వేయండి. కుట్టుమిషన్ మీద, షాపుల్లో, బస్సుల్లో గంటలు గంటలు కూర్చునేవాళ్లకి నూలువి వాడితే దురద తగ్గుతుంది.

పట్టించుకోకపోతే ఏమవుతుంది

ఇన్‌ఫ్లమేషన్ అని పైన చెప్పానే, అది ఎక్కడికి దారితీస్తుందో చూడండి. బీవీ ఉన్నవాళ్లకి హెచ్‌ఐవీ అంటుకునే ప్రమాదం దాదాపు 60 శాతం ఎక్కువని పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కేస్తే తేలింది. దక్షిణాఫ్రికాలో క్వాజులు-నాటల్ అమ్మాయిల మీద 2017లో వచ్చిన పరిశోధనలో, లాక్టోబాసిల్లస్ తక్కువగా, రకరకాల బ్యాక్టీరియా ఉన్నవాళ్లకి ఆ ప్రమాదం నాలుగు రెట్లు కనిపించింది. ఇన్‌ఫ్లమేషన్ పిలిచిన రోగనిరోధక కణాలే హెచ్‌ఐవీకి గురి. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కి కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ వదలకుండా ఉండిపోవడానికి కూడా లాక్టోబాసిల్లస్ తగ్గడంతో సంబంధం ఉంది.

దీనికన్నా ముందు మనకి ఎదురయ్యేది పొత్తికడుపు ఇన్‌ఫెక్షన్, పీఐడీ. కలయిక ద్వారా వచ్చే క్లమీడియా, గనేరియా ఎక్కువగా కారణం, బీవీ బ్యాక్టీరియా కూడా పైకి పాకగలవు. ట్యూబుల్లో వాపు వచ్చి, మానేటప్పుడు మచ్చ కట్టి, దారి మూసుకుపోతుంది. స్వీడన్‌లోని లుండ్‌లో వెస్ట్రోమ్ బృందం ఏళ్ల తరబడి గమనించి 1992లో చెప్పిన లెక్క: ఒక్కసారి పీఐడీ వచ్చినవాళ్లలో 8 శాతం మందికి, రెండుసార్లు వస్తే 19.5 శాతం మందికి, మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు వస్తే 40 శాతం మందికి ట్యూబులు దెబ్బతిని పిల్లలు పుట్టలేదు. అందుకే తెల్లబట్టతోపాటు జ్వరం, పొత్తికడుపులో నొప్పి, కలిసినప్పుడు లోతుగా నొప్పి ఉంటే స్లైడ్ కోసం కూడా ఆగొద్దు, అదే రోజు వెళ్లండి. కలిశాక రక్తం, మెనోపాజ్ తర్వాత రక్తం, కుళ్లు వాసన, పుళ్లు, గర్భంతో ఉండి నీళ్లలా కారడం, వీటికీ ఇంతే. మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడానికి టీబీ కూడా పెద్ద కారణం, పిల్లల కోసం తిరుగుతున్నవాళ్లు దాన్ని మరిచిపోకూడదు.

గర్భంతో ఉన్నవాళ్లలో బీవీకి, నెలలు నిండకముందు కాన్పుకి సంబంధం ఉంది. అయితే ఏ లక్షణాలూ లేనివాళ్లందరికీ వెతికి వెతికి మందిస్తే ఆ కాన్పులు ఆగుతాయా అని ఫ్రాన్స్‌లో పెద్ద ట్రయల్ చేశారు, 2018లో ఫలితం వచ్చింది, ఆగలేదు. లక్షణాలుంటే వైద్యం చేయించుకోండి, లేకపోతే టెన్షన్ పెట్టుకోకండి. ఐవీఎఫ్ సెంటర్లలో గర్భసంచి లోపలి మైక్రోబయోమ్ (అక్కడుండే బ్యాక్టీరియా) టెస్టు అని వేలల్లో తీసుకుంటున్నారు, యూరప్ ఫెర్టిలిటీ నిపుణుల సంఘం 2023 మార్గదర్శకాల్లో దాన్ని సిఫార్సు చేయలేదు. ఆ డబ్బు మిగుల్చుకోండి.

మెనోపాజ్ దాటినవాళ్లకి ఈస్ట్రోజెన్ తగ్గి గ్లైకోజెన్, లాక్టోబాసిల్లస్ రెండూ తగ్గుతాయి, పొర పలచబడి మంట, పొడిబారడం, మాటిమాటికీ మూత్రం ఇన్‌ఫెక్షన్. వీళ్లకి యాంటీబయాటిక్ మీద యాంటీబయాటిక్ ఇస్తుంటారు, కావాల్సింది చాలాసార్లు లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు మాత్రం క్యాన్సర్ డాక్టర్‌ని అడిగాకే.

"వాపు", "పుండు" అని చెప్పినప్పుడు

పాప్ స్మియర్ (గర్భసంచి ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే టెస్టు) రిపోర్టులో "ఇన్‌ఫ్లమేటరీ స్మియర్" అని వస్తే దాన్ని చూపించి భయపెట్టడం తేలిక. ఆ స్లైడ్ మీద తెల్ల రక్తకణాలు ఎక్కువ కనిపించాయనే దానర్థం, క్యాన్సర్ అని కాదు. అదే రిపోర్టులో క్యాన్సర్ మార్పులు లేవని వేరే వాక్యం ఉంటుంది, దాన్ని చదివించుకోండి. కారణం ఉంటే కారణానికి మందు, లేకపోతే ఏమీ అక్కర్లేదు.

స్కానింగ్‌లో "బల్కీ యుటెరస్" అంటే గర్భసంచి కాస్త పెద్దగా ఉందని. పిల్లల్ని కన్నవాళ్లలో అది మామూలే, దానికీ తెల్లబట్టకీ సంబంధం లేదు. ఇక "పుండు" అని చూపించేది చాలాసార్లు పుండే కాదు. గర్భసంచి ముఖద్వారం లోపల ఉండే ఎర్రటి పొర ఈస్ట్రోజెన్ వల్ల బయటికి కనిపిస్తుంది, వయసులో ఉన్నవాళ్లలో, గర్భిణుల్లో, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో ఎక్కువ. ఎక్ట్రోపియన్ అంటారు. ఎర్రగా ఉన్నంత మాత్రాన జబ్బు కాదు. అనుమానం ఉంటే పాప్ స్మియర్ గానీ హెచ్‌పీవీ టెస్టు గానీ చేస్తారు, తేడా వస్తే కాల్పోస్కోపీలో (ముఖద్వారాన్ని పెద్దగా చూపే పరికరంతో) చూసి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. ఆ ముక్క రిపోర్టు లేకుండా క్యాన్సర్ భయం చెప్పి గర్భసంచి తీయడం తప్పు. ఎలాగూ 30 దాటిన ప్రతి ఒక్కరూ గర్భసంచి ముఖద్వారం పరీక్ష చేయించుకోవాలి, ప్రభుత్వ కార్యక్రమంలో 65 ఏళ్ల వరకు ఐదేళ్లకోసారి ఉచితంగా చేస్తారు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, బీవీ గానీ ఫంగస్ గానీ ఉండేది యోనిలో. గర్భసంచి తీసేసినా యోని అలాగే ఉంటుంది, ఆ బ్యాక్టీరియా అక్కడే ఉంటుంది. ముప్పై అయిదేళ్లకే అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది, పులుపు తగ్గుతుంది, మంట, పొడిబారడం, ఇన్‌ఫెక్షన్లు ఇంకా పెరుగుతాయి, ఎముకలు, గుండె కూడా దెబ్బతింటాయి.

ఆపరేషన్ చెప్పిన డాక్టర్‌ని ఇవి అడగండి: స్లైడ్‌లో ఏముంది? పాప్ స్మియర్‌లోనో ముక్క పరీక్షలోనో క్యాన్సర్ మార్పులున్నాయా? మందుతో ఏమేమి ప్రయత్నించాం, భర్తకి ఇచ్చామా? అండాశయాలు ఉంచుతారా? సమాధానాలు కాగితం మీద రాయించుకుని, సంతకం పెట్టకుండా ఇంకో చోట చూపించండి. హైదరాబాద్‌లో పేట్లబురుజు, కోఠి ప్రసూతి ఆసుపత్రులు, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ లాంటి చోట్ల గైనిక్ ఓపీ ఉంటుంది, మీ జిల్లా బోధనాసుపత్రిలోనూ ఉంటుంది. వెళ్లేటప్పుడు పాత స్కానింగ్, స్మియర్ రిపోర్టు, వాడిన మందుల చీటీలు, కాలెండర్ కాగితం తీసుకెళ్లండి. ముందు రెండు రోజులు కలవకండి, లోపల ఏ మందూ పెట్టుకోకండి, ఆ రోజు పొద్దున బయట మాత్రమే కడుక్కోండి, అప్పుడే స్లైడ్ సరిగ్గా వస్తుంది.